ఏటి నీటిలో ఎంత మట్టి, ఎంత ఉప్పు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నదులు సముద్రానికి చేర్చే ఒండ్రును, లవణాలను, ఎరువుల అవశేషాలను కంప్యూటరు సాయంతో ఎలా లెక్కగడతారో వివరించమని కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఐదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. దాదాపు అందరూ అడిగినది లోడెస్ట్ అనే ప్రోగ్రాము గురించే కాబట్టి చర్చ ప్రధానంగా దాని చుట్టూనే సాగుతుంది.

ప్రశ్న: గోదావరి ఉపనది మీద ఉన్న ఒక గేజింగ్ కేంద్రం (ప్రవాహాన్ని కొలిచే చోటు) లెక్కలు నా ప్రాజెక్టుకు దొరికాయి. ప్రవాహం రోజువారీగా ఉంది కానీ, నైట్రేటుకూ సిల్టుకూ శాంపిళ్లు నెలకొకటి చొప్పునే ఉన్నాయి. ఏడాదికి పన్నెండు శాంపిళ్లతో లోడెస్ట్ 365 రోజుల లోడ్‌ను ఎలా చెప్పగలుగుతుంది? దాన్ని నమ్మవచ్చా?
— ఎం.టెక్. విద్యార్థిని, కాకినాడ

జవాబు: నది ఒక చోట ఒక రోజులో దాటించే పదార్థం మొత్తం బరువే ఆ రోజు లోడ్. ప్రవాహాన్ని సెకనుకు ఘనపు మీటర్లలోనూ, గాఢతను లీటరుకు మిల్లీగ్రాముల్లోనూ తీసుకుని, రెండింటి లబ్ధాన్ని 0.0864తో గుణిస్తే రోజుకు ఎన్ని టన్నులో వస్తుంది. ప్రవాహం మీకు రోజూ తెలుసు; గాఢత మాత్రం శాంపిల్ తీసిన రోజునే తెలుసు. మిగిలిన రోజుల సంగతిని ఆ రోజు ప్రవాహాన్ని బట్టీ, ఋతువును బట్టీ, గడిచిన కాలాన్ని బట్టీ అంచనా కట్టడమే లోడెస్ట్ చేసే పని.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ తరఫున రంకెల్, క్రాఫర్డ్, కోన్ అనే ముగ్గురు రూపొందించిన ఈ ఫోర్ట్రాన్ ప్రోగ్రాము 2004లో వెలువడింది. దీని లోపల ఉన్నది ఒక రిగ్రెషన్ సమీకరణం, అంటే కొలిచిన అంకెల మధ్యగా గీత గీసి కొలవనివాటిని అంచనా కట్టేది. లోడ్ సంవర్గమానాన్ని ఒకవైపు ఉంచి, రెండోవైపు ప్రవాహ సంవర్గమానం, దాని వర్గం, ఏడాదిలో ఆ తేదీ ఎక్కడ పడుతుందో తెలిపే సైన్, కొసైన్ పదాలు, దశాంశాల్లో రాసిన కాలం, దాని వర్గం అనే ఆరు పదాలను పేర్చుతారు. స్థిరాంకంతో కలిపి తేల్చవలసిన గుణకాలు ఏడు. ఈ పదాల్లో కొన్నిటిని ఉంచి కొన్నిటిని తీసేస్తే ఏర్పడే తొమ్మిది నమూనా సమీకరణాలు ప్రోగ్రాములో సిద్ధంగా ఉంటాయి. మీరు ఎంచుకోకపోతే, అకైకే ప్రమాణం (సమీకరణం ఎంత బాగా ఒదిగిందో, ఎన్ని పదాలు వాడిందో కలిపి తూచే కొలత) ఆధారంగా అదే ఒకదాన్ని ఎంచుకుంటుంది.

మీ ప్రశ్నలోని పన్నెండు అనే అంకె ఇక్కడే చిక్కు తెచ్చిపెడుతుంది. పన్నెండు పరిశీలనలుంటే లోడెస్ట్ పని చేయడానికి ఒప్పుకుంటుంది. కానీ పన్నెండు అంకెల నుంచి ఏడు గుణకాలు తీస్తే, సమీకరణం ఎంత తప్పుతున్నదో కొలవడానికి మిగిలేవి ఐదే. అంత కొద్ది ఆధారంతో వచ్చిన గుణకాలు మీ దగ్గరున్న ఆ పన్నెండు రోజులను చక్కగా వర్ణిస్తాయి, పదమూడో రోజు గురించి మాత్రం ఏ హామీ ఇవ్వవు. ఒక్క ఏడాదివి కాకుండా, దొరికినన్ని ఏళ్ల శాంపిళ్లను కలిపి సమీకరణాన్ని కట్టడం మీరు చేయవలసిన మొదటి పని.

శాంపిళ్ల సంఖ్య కంటే అవి ఏ రోజుల్లో తీసినవన్నది ఇంకా ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంటే సెకనుకు సుమారు 28,300 ఘనపు మీటర్లు. అలాంటి రోజున లీటరు నీటిలో ఒక గ్రాము మట్టి ఉందని లెక్క కోసం అనుకుంటే, ఆ ఒక్క రోజు లోడ్ దాదాపు 24 లక్షల 50 వేల టన్నులవుతుంది. వేసవిలో 10 వేల క్యూసెక్కులు పారుతూ లీటరుకు 20 మిల్లీగ్రాములే ఉన్న రోజున అది 490 టన్నులకు మించదు. ఆ ఒక్క వరద రోజు అలాంటి ఐదు వేల వేసవి రోజులకు సమానమన్నమాట. గోదావరి ఏడాది ప్రవాహంలో అత్యధిక భాగం జూన్, అక్టోబరు నెలల మధ్యే వచ్చిపోతుంది. అందుచేత నెలకొకసారి ఒకే తేదీన సీసా నింపే పద్ధతిలో వరద శిఖరాలు దొరకడం కేవలం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. శాంపిల్ తీసిన రోజుల్లోని గరిష్ఠ ప్రవాహానికి మించిన ప్రవాహం అంచనా కాలంలో ఉంటే లోడెస్ట్ తన ఫలితాల ఫైలులో హెచ్చరిక అచ్చువేస్తుంది. చాలామంది ఆ వరుసను చదవకుండానే కింది పట్టికలోకి వెళ్లిపోతారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. సమీకరణం ఎన్నడూ చూడని వరదకు, తాను చూసిన చిన్న ప్రవాహాల నుంచి గీత సాగదీసి అది లోడ్‌ను చెబుతున్నదని ఆ హెచ్చరిక అర్థం. ఏడాది మొత్తంలో సగానికి పైగా అలా సాగదీసిన భాగం నుంచే రావచ్చు.

ఇక నైట్రేటుకూ సిల్టుకూ ఒకే జవాబు కుదరదు. కాల్షియం, బైకార్బొనేటు, సిలికా వంటి కరిగిన పదార్థాలు రాళ్ల నుంచి, భూగర్భజలం నుంచి నిలకడగా చేరుతుంటాయి కాబట్టి వరద వచ్చినప్పుడు వాటి గాఢత తగ్గుతుంది, నీరు పెరగడం వల్ల లోడ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మట్టి రేణువుల విషయంలో ప్రవాహమూ గాఢతా కలిసి పెరుగుతాయి. అందువల్ల నెలవారీ శాంపిళ్లతో కరిగిన లవణాల లోడ్‌ను ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలిగిన చోటనే మట్టి లోడ్ అంచనా పూర్తిగా దారి తప్పవచ్చు. నైట్రేటు ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. పొలాలకు ఎరువు వేసిన తరువాత కురిసిన మొదటి పెద్ద వానకూ, రెండు నెలల తరువాత అంతే కురిసిన వానకూ అది ఒకేలా స్పందించదు. మీ ప్రాజెక్టులో కరిగిన లవణాల ఫలితాన్ని ముందు పెట్టి, మట్టి ఫలితాన్ని విశ్వాస అవధులతో (అసలు విలువ ఉండగల కనిష్ఠ, గరిష్ఠ హద్దులతో) సహా జాగ్రత్తగా చెప్పమని నా సలహా.

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా రోజుల్లో ప్రవాహాన్నీ సిల్టునూ లాగ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి, మధ్యగా ఒక గీత గీసి, దాని నుంచే ఏడాది పూడికను లెక్కగట్టేవాళ్లం. కంప్యూటరు చేసేదీ అదే కదా. మరి ఫలితం మా లెక్క కంటే ఎప్పుడూ ఎక్కువగా ఎందుకు వస్తున్నదని మా అబ్బాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
— ధవళేశ్వరం పాఠకులు

జవాబు: మీరు గీసిన గీత సరైనదే. తేడా అంతా ఆ గీత నుంచి తిరిగి టన్నుల్లోకి వచ్చే మెట్టులో ఉంది.

ఒకే ప్రవాహం ఉన్న రెండు రోజులను తీసుకోండి. ఒక రోజు 100 టన్నులు, రెండో రోజు 10,000 టన్నులు పోయాయనుకుందాం. లాగ్ కాగితం మీద ఈ రెండు చుక్కల మధ్య బిందువు 1,000 దగ్గర పడుతుంది. గీత ఆ రెండు రోజులకూ వెయ్యేసి చొప్పున 2,000 టన్నులని చెబుతుంది. నిజంగా నది మోసింది 10,100 టన్నులు. సంవర్గమానాల సగటును వెనక్కి తిప్పితే వచ్చేది గుణోత్తర మధ్యమం. మనకు కావలసినది మామూలు సగటు. మొదటిది రెండోదాని కంటే ఎప్పుడూ తక్కువే. ఉదాహరణకు తేడా బాగా కనిపించాలని చుక్కలను అంత దూరంగా పెట్టాను. వాస్తవంలో కూడా తేడా చిన్నదేమీ కాదు. సహజ సంవర్గమానాల్లో చుక్కలు గీతకు అటూ ఇటూ 0.8 ప్రామాణిక విచలనంతో చెదిరి ఉంటే, గీత నుంచి వచ్చిన లెక్కను 1.38తో గుణించాలి, విచలనం 1 అయితే 1.65తో గుణించాలి. మట్టి లెక్కల్లో ఇంత చెదరడం మామూలే.

ఈ లోటును నదుల లోడ్ విషయంలో ఫెర్గూసన్ 1986లో స్పష్టంగా చూపించి, సవరణ గుణకాన్ని సూచించారు. అంతకు ముందే 1983లో డువాన్ అనే గణాంక శాస్త్రవేత్త, చెదరడం ఏ ఆకారంలో ఉన్నా పనికివచ్చే మరో సవరణను ప్రతిపాదించారు. లోడెస్ట్ రూపకర్తల్లో ఒకరైన కోన్ ఈ సమస్య మీదే ఏళ్ల తరబడి పనిచేసి, శాంపిళ్లు తక్కువగా ఉన్నప్పుడు సవరణే అతి చేయకుండా ఉండే పద్ధతిని రూపొందించారు. లోడెస్ట్ వాడే ప్రధాన పద్ధతి అదే. చెదరడం గంట ఆకారపు సామాన్య వితరణను పాటించనప్పుడు వాడుకోవడానికి మరో పద్ధతిని కూడా అది పక్కనే లెక్కగట్టి చూపిస్తుంది. రెండు జవాబులూ దగ్గరగా ఉంటే కొంత ధైర్యంగా ఉండవచ్చు. దూరంగా ఉంటే చుక్కల పటం గీసి చూడవలసిందే, మీరు లాగ్ కాగితం మీద చూసినట్టుగా. కంటితో చుక్కలను చూసే ఆ అలవాటు ఇప్పటి విద్యార్థుల్లో తగ్గిపోతున్నందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఒక్క మాట చేర్చాలి. మీరు సీసాలో పట్టిన నీటిని తేర్చి, వడగట్టి, వడపోత కాగితాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి తూచినప్పుడు దొరికేది నీటిలో తేలుతూ పోయే మట్టి మాత్రమే. కేంద్ర జల సంఘం దాన్నే 0.2 మిల్లీమీటర్లకు మించిన ముతక రేణువులు, 0.075 వరకు ఉండే మధ్యరకం, అంతకంటే సన్నవి అని మూడుగా విడదీస్తుంది. ముతక రేణువులు ప్రవాహ వేగాన్ని అనుసరిస్తాయి. సన్న రేణువులు పైనున్న పొలాల నుంచి, కొండవాలుల నుంచి ఎంత వస్తే అంత పోతాయి. వీలున్న చోట మూడింటికీ వేరువేరు సమీకరణాలు కట్టడం మేలు. అడుగున దొర్లుతూ పోయే ఇసుక సీసాలోకి రాదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ ఈ లెక్క నుంచి దాన్ని చెప్పలేదు. జలాశయంలో పూడిక ఎంత చేరిందో సర్వే చేసినప్పుడు వచ్చే అంకెకూ, గేజింగ్ లెక్కకూ పొంతన కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం.

ప్రశ్న: మా ప్రయోగశాల ఫలితాల్లో భాస్వరం చాలాసార్లు 0.01 కంటే తక్కువ అని వస్తుంది. ఆ చోట సున్నా వేయాలా, సగం వేయాలా?
— నీటి పరీక్షల సాంకేతిక ఉద్యోగి, వరంగల్

జవాబు: రెండూ వద్దు. సున్నా వేస్తే లోడ్ తగ్గుతుంది, పైగా సున్నాకు సంవర్గమానం లేదు. సగం వేస్తే మీ పరికరం చూడని అంకెను చూసినట్టు నమోదు చేసినవారవుతారు. లోడెస్ట్ ఫైలులో ఆ అంకె ముందు ‘తక్కువ’ గుర్తును పెట్టండి. అసలు విలువ ఆ హద్దుకు దిగువన ఎక్కడైనా ఉండవచ్చన్న విషయాన్ని దృష్టిలో పెట్టుకుని గుణకాలను తేల్చే గణితం దానిలో ఉంది. అయితే కనీసం ఏడు శాంపిళ్లలోనైనా అసలు అంకె ఉండాలి. మధ్యలో పరికరం మారి హద్దు 0.05 నుంచి 0.01కి దిగి ఉంటే, ఒక్కో శాంపిల్‌కు అది పరీక్షించిన రోజు ఉన్న హద్దునే రాయండి. లేకపోతే భాస్వరం తగ్గిపోతున్నదన్న లేని ధోరణి ఒకటి కనిపిస్తుంది.

ప్రశ్న: నైట్రేటు లోడ్‌కు కట్టిన సమీకరణంలో ఆర్-స్క్వేర్ (సమీకరణం అంకెలకు ఎంత బాగా ఒదిగిందో 0 నుంచి 1 వరకు చెప్పే కొలత) 0.96 వచ్చింది. ఇక చాలునని అనుకుంటుండగా, మా గైడ్ డబ్ల్యూఆర్‌టీడీఎస్ అనే మరో లోడ్ అంచనా పద్ధతితో కూడా చేసి చూడమన్నారు. ఇంత మంచి ఫలితం వచ్చాక మరోటి ఎందుకు?
— పరిశోధక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: మీ గైడ్ సరైన సలహా ఇచ్చారు. ఆ 0.96ను చూసి సంతోషించే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి. లోడ్ అంటే ప్రవాహం, గాఢతల లబ్ధం. సమీకరణానికి ఎడమవైపు లోడ్ ఉంది, అంటే దాని లోపల ప్రవాహం ఉంది. కుడివైపునా ప్రవాహమే ఉంది. ప్రవాహం వందల రెట్లు మారే నదిలో గాఢత అంకెలను చీట్లు తీసినట్టు ఇష్టం వచ్చినట్లు రాసినా లోడ్‌కూ ప్రవాహానికీ గొప్ప సంబంధమే కనిపిస్తుంది. అదే సమీకరణాన్ని గాఢతకు కట్టి చూడండి, ఆర్-స్క్వేర్ 0.3కు పడిపోయినా ఆశ్చర్యపోవద్దు. మీకు నైట్రేటు గురించి ఎంత తెలుసో చెప్పేది ఆ రెండో అంకె.

2013లో లోడెస్ట్‌కు కొన్ని కొత్త పరీక్షలు చేర్చారు. వాటిలో మీరు ముందుగా చూడవలసినది శాతాల్లో వచ్చే లోడ్ పక్షపాతం. శాంపిల్ తీసిన రోజులన్నిటికీ అంచనా లోడ్‌ను కూడి, అదే రోజుల కొలిచిన లోడ్‌తో పోలిస్తే వచ్చే తేడా అది. ఆ తేడా ఎటువైపైనా 25 శాతం దాటితే ఆ సమీకరణాన్ని వాడవద్దని ప్రోగ్రాము రచయితలే చెబుతున్నారు. 0.96 ఆర్-స్క్వేర్ ఉండి కూడా ఈ పరీక్షలో తప్పే సమీకరణాలు ఉంటాయి.

ఎందుకలా జరుగుతుందో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన రాబర్ట్ హిర్ష్ 2014లో ఒక పరిశోధన పత్రంలో విడమరచి చెప్పారు. ఆయన చూపిన కారణాలు మూడు. సంవర్గమానాల్లో లోడ్‌కూ ప్రవాహానికీ ఉన్న సంబంధం సరళరేఖకు గానీ వర్గసమీకరణపు వంపుకు గానీ ఒదగకపోవడం ఒకటి. ఆ సంబంధం ఆకారమే ఋతువును బట్టి మారిపోవడం రెండోది. చుక్కల చెదరడం అన్ని ప్రవాహాల దగ్గరా ఒకేలా లేకపోవడం మూడోది. రెండో కారణాన్ని మన నదుల్లో పనిచేసేవారు మరీ గట్టిగా పట్టించుకోవాలి. లోడెస్ట్ సమీకరణంలో ఋతువు గీతను పైకీ కిందికీ మాత్రమే జరుపుతుంది, దాని వాలును మార్చదు. జూలైలో దున్ని వదిలిన నేల మీద కురిసిన వానకు ప్రవాహంతో పాటు గాఢత ఎగబాకుతుంది. అక్టోబరుకు పైరు నేలను కప్పేశాక అదే ప్రవాహానికి గాఢత కదలకపోవచ్చు, తగ్గనూ వచ్చు. రెండు వేరు వాలులను ఒకే వాలుగా చెబితే ఒక ఋతువులో ఎక్కువ, మరో ఋతువులో తక్కువ వస్తుంది. వరదలు ఏ ఋతువులో ఉంటే ఏడాది మొత్తం అటు ఒరుగుతుంది.

డబ్ల్యూఆర్‌టీడీఎస్‌ను హిర్ష్, మోయర్, ఆర్చ్‌ఫీల్డ్ 2010లో చీసాపీక్ అఖాతానికి చేరే నదుల లెక్కలతో పరిచయం చేశారు. అన్ని రోజులకూ ఒకే గుణకాలు అనే షరతును అది వదిలేస్తుంది. అంచనా కట్టవలసిన ప్రతి తేదీకీ ప్రతి ప్రవాహానికీ సమీకరణాన్ని కొత్తగా కట్టి, కాలంలోనూ ఋతువులోనూ ప్రవాహంలోనూ ఆ బిందువుకు దగ్గరగా ఉన్న శాంపిళ్లకు ఎక్కువ బరువు, దూరంగా ఉన్నవాటికి తక్కువ బరువు ఇస్తుంది. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈగ్రెట్ అనే ఉచిత ప్యాకేజీగా ఇది దొరుకుతుంది. అయితే ఈ వెసులుబాటు ఊరికే రాదు. మొదట దీన్ని 20 ఏళ్లకు పైగా సాగిన, 200కు మించి శాంపిళ్లున్న కేంద్రాల కోసం తయారుచేశారు. మీ దగ్గర 40 శాంపిళ్లే ఉంటే లోడెస్ట్‌తోనే సరిపెట్టుకుని, పక్షపాతపు అంకెను దాచకుండా ప్రచురించండి.

ఈ తేడాలు కాగితం మీది పట్టింపులు కావు. మిసిసిపి నది మెక్సికో సింధుశాఖలోకి మోసుకెళ్లే నైట్రేటు వల్ల ప్రతి వేసవిలో అక్కడ అడుగునీటిలో ఆక్సిజన్ పడిపోయి, కదలలేని జీవులు చచ్చిపోయే ప్రాంతం ఏర్పడుతుంది. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు వ్యాపించింది. 1985లో కొలవడం మొదలైన తరువాత అంత పెద్దది మరోటి నమోదు కాలేదు. దాన్ని 2035 నాటికి 5,000 చదరపు కిలోమీటర్ల లోపుకు తేవాలన్నది అక్కడి ప్రభుత్వాల లక్ష్యం. వేసవిలో ఆ ప్రాంతం ఎంత ఉంటుందన్న ముందస్తు అంచనాకు ఆధారం, ఈ రకం సాఫ్ట్‌వేరు చెప్పే మే నెల నైట్రేటు లోడ్. ఆ అంకె ఒకవైపు ఒరిగితే ఎగువ రాష్ట్రాల రైతులను ఎంత ఎరువు తగ్గించమని అడగాలన్న లెక్క కూడా ఒరిగిపోతుంది.

ప్రశ్న: కృష్ణా నది మీద 1960ల నుంచి నేటి వరకు ఉన్న లెక్కలతో లోడెస్ట్ వాడాలనుకుంటున్నాను. ఫైళ్లు తయారుచేయడంలో ఏ పొరపాట్లు జరుగుతాయో చెబుతారా?
— అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. శాంపిళ్ల ఫైలులో ఒక్కో వరుసకు తేదీ, సమయం, ప్రవాహం, గాఢత ఉంటాయి. 2019 ఆగస్టు 12 ఉదయం 10 గంటల శాంపిల్‌ను 20190812, 1000 అని మొదలుపెట్టి రాస్తారు. అంచనా ఫైలులో గాఢత ఉండదు, రోజుకు ఎన్ని ప్రవాహపు అంకెలు ఇస్తున్నారో మొదట చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ప్రమాణాలది. లోడెస్ట్ ప్రవాహాన్ని క్యూసెక్కుల్లోనే (సెకనుకు ఘనపుటడుగుల్లోనే) తీసుకుంటుంది. కేంద్ర జల సంఘం లెక్కలు క్యూమెక్కుల్లో (సెకనుకు ఘనపు మీటర్లలో) ఉంటాయి. 35.31తో గుణించకుండా ఎక్కిస్తే ప్రోగ్రాము ఏ అభ్యంతరమూ చెప్పదు, గీత కూడా చక్కగా ఒదుగుతుంది, లోడ్ మాత్రం 35 రెట్లు తగ్గి వస్తుంది. ఒక రోజు లోడ్‌ను చేత్తో లెక్కగట్టి సరిచూస్తే ఈ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

మీ విషయంలో ఇంకా పెద్ద జాగ్రత్త ఒకటి అవసరం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది, 1980లలో శ్రీశైలం జలాశయం తోడైంది. జలాశయంలో నీరు నిలిచినప్పుడు ఒండ్రు అడుగుకు దిగిపోతుంది కాబట్టి, ఆనకట్టల దిగువన అదే ప్రవాహానికి ముందున్నంత మట్టి ఉండదు. కరిగిన లవణాలు మాత్రం దాదాపుగా దాటిపోతాయి. లోడెస్ట్‌లోని కాలపు పదం నెమ్మదిగా సాగే మార్పును పట్టుకోగలదు, ఒక ఏడాదిలో విరిగిన సంబంధాన్ని పట్టుకోలేదు. అరవై ఏళ్లకు ఒకే సమీకరణం కడితే మొదటి కాలపు మట్టిని తక్కువగానూ చివరి కాలపు మట్టిని ఎక్కువగానూ చెబుతుంది. కృష్ణా డెల్టా తీరం కోతకు గురవుతున్న ఈ రోజుల్లో, సముద్రానికి నిజంగా చేరుతున్నదాని కంటే ఎక్కువ ఒండ్రు చేరుతున్నదని చెప్పే లెక్క ఆ తీరగ్రామాలకు హాని చేస్తుంది. అందుకని సాగర్‌కు ముందు, సాగర్ తరువాత శ్రీశైలం వరకు, ఆ తరువాత అని కాలాన్ని మూడు ముక్కలు చేసి, దేనికదిగా సమీకరణం కట్టండి. మొదటి ముక్కలో శాంపిళ్లు చాలకపోతే ఆ కాలానికి వార్షిక లోడ్ ఇవ్వకుండా, కొలిచిన రోజుల అంకెలను మాత్రం పట్టికగా ఇవ్వండి.